బాణం గుర్తు

మావయ్య పోయిన రోజు కంప్యూటర్ ఆపాలని ఎవరికీ తోచలేదు.

ఇంటికి తాళం వేసేటప్పుడు ఎవరో మెయిన్ స్విచ్ కట్టేశారు. దాంతో అదే ఆగింది.

కూతురింట్లో కొన్నాళ్లుండి అత్తయ్య తిరిగొచ్చింది. వచ్చిన మర్నాడే మేనల్లుడికి కబురు పెట్టింది. అతను బడిలో పిల్లలకి కంప్యూటర్ చెప్పే మాస్టారు.

"దాన్ని బాగుచెయ్యరా. ఫొటోలు మాత్రం పోకూడదు. ఇంట్లో ఉన్న పాత ఫొటోలన్నీ అందులోకి ఎక్కించారు మీ మావయ్య. నాకింక అవే."

ఆ గొంతులో ఏడుపు లేదు. వంటింట్లో కుళాయి కారుతోందని చెప్పినట్టు చెప్పింది.

మీట నొక్కగానే తెరమీద పెట్టెలు ఒకదాని మీదొకటి దూకాయి. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. మీరే విజేత. ఇక్కడ నొక్కండి.

"ఏమిట్రా ఆ గోల?"

"వైరస్‌లు అత్తయ్యా. ఎవడు ఏది నొక్కమంటే అది నొక్కేశాడు మావయ్య. ఇది కంప్యూటర్ కాదు, సత్రం."

"ఆయనంతేగా. తలుపు తట్టినవాణ్ణల్లా కూర్చోబెట్టేవారు."

మాస్టారు ముందు నెట్ తీగ పీకేశాడు. రోగమున్న కంప్యూటర్ని నెట్‌కి తగిలించి బాగుచెయ్యడమంటే, తలుపులు బార్లా తీసి ఇంట్లో దొంగని వెతకడమే. కావలసిన మందులన్నీ బడిలోంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు. ఫొటోలున్న ఫోల్డర్ని తెరవకుండానే పక్కన భద్రం చేసి పని మొదలుపెట్టాడు.

ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త. తీసేకొద్దీ వస్తోంది.

అత్తయ్య టీ తెచ్చింది. గ్లాసులో సగమే ఉంది.

"పిసినారితనం ఎప్పుడొచ్చింది నీకు?"

"అలవాటురా. నిండా పోస్తే ఆయన చేతిలో ఒలికిపోయేది."

వెళ్లి మళ్లీ పోసుకురాలేదు. అక్కడే కుర్చీలో కూర్చుని గోడ చూస్తూ ఉండిపోయింది.

చెత్తంతా ఊడ్చాక అడుగున ఒకటి మిగిలింది. మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఎక్కడో కూర్చున్నవాడు ఈ కంప్యూటర్ని తన చేత్తో నడిపించే ప్రోగ్రాం అది. కంప్యూటర్ తెరిస్తే చాలు, దానంతటదే లేచి వాడికోసం తలుపు తీసి ఉంచుతుంది.

"అత్తయ్యా, కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని ఎవరైనా ఫోన్ చేసేవాళ్లా?"

"ఆయనకి ఫోన్లు వస్తూనే ఉండేవి. నేనెప్పుడు పట్టించుకున్నాను?"

"ఎవడో దొంగ ఇంట్లో దూరి కాపురం పెట్టాడు. ఏమైనా పోయిందా?"

"ఏం పోలేదు."

"అదృష్టం."

దాన్ని వేళ్లతో సహా పెకలించాడు. అవతలివాడి ఆచూకీ చెప్పే గుర్తులు కూడా అందులోనే ఉన్నాయి. ఎవరూ తిరిగి తెచ్చుకోలేనట్టు వాటినీ తుడిచేశాడు.

ఎండ వాలుతుండగా హాల్లో పాత ల్యాండ్‌లైన్ మోగింది. అత్తయ్య కదలలేదు. మాస్టారే వెళ్లి ఎత్తాడు.

"సార్ ఉన్నారాండీ?" మగ గొంతు. నెమ్మదిగా ఉంది. "రోజూ చేస్తున్నాను, ఎవరూ ఎత్తట్లేదు. కంప్యూటర్ కూడా తెరుచుకోవట్లేదు."

మాస్టారికి ఒళ్లు మండింది.

"ఓహో, నువ్వేనా? నీ ప్రోగ్రాం పీకి పారేశాను. ఇక్కడ నీ పప్పులు ఉడకవు."



"సార్ చెయ్యి ఎలా ఉందండీ ఇప్పుడు?"

"ఆ తేనె పూసిన మాటలు ఇంకెక్కడైనా చెప్పుకో. మళ్లీ ఫోన్ చేశావంటే పోలీసులతో మాట్లాడాల్సి ఉంటుంది."

"సరేనండీ, చెయ్యను. సార్‌కి ఒక్కమాట..."

మాస్టారు పెట్టేశాడు. నంబరు కనబడే ఫోను కాదది.

"ఎవర్రా?"

"ఆ దొంగే. ఇంక చెయ్యడులే."

కంప్యూటర్ ఇప్పుడు కడిగిన పలకలా ఉంది. అత్తయ్యని దగ్గర కూర్చోబెట్టుకుని ఫొటోలు తెరిచాడు.

వందల ఫొటోలు. వంకరగా ఉన్నవి సరిచేసి ఉన్నాయి. చిరిగిన అంచులు అతికి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు. 'పెద్దది బడికెళ్లిన మొదటిరోజు.' 'వానలో పెళ్లి, గొడుగు పట్టింది తమ్ముడు.' వెతికినా ఒక్క అక్షరం తప్పు లేదు.

"ఇవన్నీ మావయ్యే చేశాడా? గ్లాసు పట్టుకోలేని చేత్తో?"

"ఆయన చెప్పేవారంతే. హాల్లో ఫోను ఇక్కడిదాకా లాక్కొచ్చి చెవి దగ్గర పెట్టుకుని, ఇది ఫలానా, ఇది ఫలానా అని. నవ్వుకునేవారు కూడా. బాణం గుర్తు దానంతటదే తిరుగుతూ రాసుకునేది."

"దానంతటదే?"

"కంప్యూటర్లు మనిషి మాట వింటాయంటారు కదా. అదే అనుకున్నాను."

మాస్టారు ఫొటోలు కిందికి జరుపుతూ పోయాడు.

చిట్టచివరి ఫొటోలో మెట్లమీద ఒక పిల్లాడు. చేతిలో విరిగిన బొమ్మ కారు. దాని పేరు, 'ఈ బాబు ఎవరో రేపు సార్‌ని అడగాలి.'

"నువ్వేరా అది," అంది అత్తయ్య.

తర్వాత గోడ గడియారం చూసింది.

"ఈ వేళకే కదిలేది. ఏదీ, కదలదేం?"

బాణం గుర్తు అతను వదిలిన చోటే ఉంది.

మాస్టారు నెట్ తీగ మళ్లీ తగిలించాడు. పోయి ఫోను పక్కన కూర్చున్నాడు. ఆ సాయంత్రమే కాదు, ఆ తర్వాత చాలా సాయంత్రాలు బడి నుంచి నేరుగా వచ్చి అక్కడే కూర్చున్నాడు.

చెయ్యనన్న మనిషి చెయ్యలేదు.

మావయ్యకి ఇన్నాళ్లూ చెయ్యిగా ఉన్నవాడికి, మావయ్య పోయాడని ఇంకా ఎవరూ చెప్పలేదు.