పక్కింటికిచ్చిన తోడు

ఆదివారం ఉదయం ఏడింటికి నూకరత్నం మాంసం కుండలో జన్యువు చూసే పట్టీ ముంచింది. ‘కోడి’ అని రావాలి. ‘మనిషి’ అని వచ్చింది. ఇంకొకటి ముంచినా అదే వచ్చింది.

అనకాపల్లిలో ఇప్పుడు ఎవరూ కోడిని కోయరు. పాలకు తోడు పెట్టినట్టు, చెంచాడు కోడి కణాలను చక్కెర నీళ్లలో వేస్తే అవే విభజన చెంది తెల్లారేసరికి కుండ నిండుతుంది. గురువారం కుండ పక్కనే ఉల్లిపాయలు తరుగుతుంటే కత్తిపీటకు ఆమె వేలి కొస తెగింది. తెగిన ముక్క ఎంత వెతికినా దొరకలేదు. శుక్రవారం పక్కింటి దమయంతి తోడు అడిగితే ఆ కుండలోంచే గిన్నెలో పోసి ఇచ్చింది.

నూకరత్నం ప్రహరీ దగ్గరకు పరుగెత్తింది.

“వదినా! నేనిచ్చిన తోడు పారబొయ్యి. వండకు!”

“ఇచ్చింది పారబొయ్యమంటావేటి?” దమయంతి నవ్వుతూ గోడ దగ్గరకు వచ్చింది. “రాత్రే వండీసినాను. మీ అన్నయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు. మిగిలిన తోడు ఎదురింటోళ్లు పట్టుకెళ్లారు.”

“పట్టీ ముంచి చూసుకోలేదా?”

“నీ ఇంటి తోడుకి పట్టీ ఏటొదినా, నమ్మకం లేకనా?”

దమయంతి గోడ మీదుగా గిన్నె అందించింది. ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అందులో రాత్రి కూర వెచ్చబెట్టి వేసి తెచ్చింది.

గిన్నె వేడిగా ఉంది.