కొడవళ్ళతో నడక

ఊరి ఆడవాళ్ళను నేనే చెడగొడుతున్నానని మా నాయన నమ్మకం. పని లేకుండా నడిస్తే జనం నవ్వుతారని పదిమందిమీ చేతుల్లో కొడవళ్ళు పట్టుకుని తెల్లవారుజామున చేల దారిన నడిచేవాళ్ళం.

ఈరోజు నాయన మా వాకిట్లోనే అందరినీ ఆపాడు.

“ఏమ్మే, డిగ్రీ చదివినది ఊరిమీద తిరిగేదానికా?” అని నన్నడిగి, అమ్మ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. యెవురు మొదలుపెట్టినారు ఇది?”

“నాకేం తెలుసు? నీ బిడ్డే నన్ను లాక్కొనిపోతాండాది,” అంది అమ్మ.

మూడు నెలల కిందట తనకు షుగర్ ఉందని తెలిసిన రోజు, “మీ నాయనకు చెప్పొద్దు మే. నలుగుర్ని పోగుచెయ్యి, వాళ్ళ నడుమ నేనూ నడుస్తా” అని నా చేయి పట్టుకుని ఏడ్చింది ఆమే.

రేపు కూడా నడుస్తాను. అమ్మను లేపను.