వెనక మూత

“ఏమప్పా, ఆ మూత తెరవాకు!”

దాదా ఖలందర్ అరుపుకు గోవిందప్ప చేతిలోని పాత కెమెరా జారి కింద పడబోయింది.

“లోపల రీలుండాదంటివి. వెనక మూత తీసినావంటే వెలుతురు తగిలి బొమ్మలన్నీ పాయె!”

కళ్యాణదుర్గంలో రీలు కెమెరా విప్పే చెయ్యి ఇక ఆయనదొక్కటే. మిగతావాళ్లంతా సెల్‌ఫోన్ల అద్దాలు మార్చుకుంటూ బతికేస్తున్నారు.

“పొరపాటైపాయె అన్నా.” గోవిందప్ప కెమెరాను రెండు చేతులా బల్ల మీద పెట్టాడు. “బటన్ దిగదు, రీలు తిరగదు. మా అంజలి బొమ్మ దీంట్లో తప్ప యాడా లేదు. కడిగించే లోపలే బిడ్డ సచ్చిపాయె. మళ్లా దీన్ని ముట్టుకోనీకి నాకు చెయ్యి రాల్యా. ఇప్పుడు దాని మొగమే మరుపొస్తాండాది.”

ఆ చివరి మాటకు ఖలందర్ తల దించుకున్నాడు.

“మూత తెరవకుంటే ఎన్నేండ్లయినా మసగ్గానన్నా వస్తాదిలేప్పా.”

“యాడ తెరిచినాం? దేవుని గూట్లో పెట్టింది పెట్టినట్లే ఉండాది.”

గడప దగ్గర నిలబడ్డ గోవిందప్ప భార్య రామసుబ్బమ్మ మెల్లగా అడిగింది. “దీపం వెలుతురుకు గూడా పోతాదా అన్నా?”

“దీపమైనా ఎండైనా ఒకటే తల్లీ.”

“ఆయప్పను పని చేసుకోనీ!” గోవిందప్ప కసిరాడు. ఆమె అక్కడే చతికిలబడింది.

ఖలందర్ కెమెరాను వెలుతురు దూరని నల్ల సంచిలో పెట్టి, చేతులు లోపలికి దూర్చి, తడుముకుంటూ మూత తెరిచాడు. షట్టర్ పరదా అంచున ఏదో పొడి గట్టిగా పేరుకుపోయి ఉంది. సన్న బ్రష్షుతో గీకాడు, దులిపాడు. ముక్కు మీంచి చెమట కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

టక్.

“పడిందప్పా షట్టరు!”

గోవిందప్పకు ప్రాణం లేచొచ్చింది. పైపంచె మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. “సుబ్బమ్మా, బిడ్డను చూస్తామే!”

ఆమె తల వంచుకుంది.

ఖలందర్ రీలు చుట్టేసి చేతులు బయటికి తీశాడు. వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి.

“మన ఎర్రదుమ్మే. ఇంత పని చేసిందీ అదే,” అన్నాడు గోవిందప్ప.

“మూత తీయకుండా దుమ్ము యాడనుంచి దూరతాదప్పా?” ఖలందర్ వేళ్లు వాసన చూసుకుని, గడప వైపు తిరిగాడు.

రామసుబ్బమ్మ తలెత్తలేదు.

“దుమ్ము గాదన్నా, కుంకుమ. బిడ్డ లోపలుండాది గదాని, శుక్రవారం శుక్రవారం దీపం ముట్టించి, మూత తీసి బొట్టు పెడతాంటి.”