రేసు కారుకు తూర్పు వాకిలి

కొండాపూర్ రోడ్డు మీద పాత రేసు కార్ల పరుగుకు వేళయింది.

అమెరికా కంప్యూటర్లకు రెండువేల సంవత్సరపు గండం తప్పిస్తున్న సీతారామాంజనేయులుగారు తోలు టోపీ పెట్టుకుని, ఆఫీసు హాల్లో అలంకారంగా నిలిపిన తన పందొమ్మిదివందల ముప్ఫైల నాటి రేసు కారెక్కారు.

"తలుపు తియ్యి, పోచయ్యా!"

వాచ్‌మన్ పోచయ్య రెండు రెక్కలూ బార్లా తీశాడు. కారు ముక్కు బయటికొచ్చింది. చక్రాలు రెండువైపులా గోడకు తగిలి ఆగిపోయాయి.

కారు లోపలికొచ్చిన దక్షిణపు పెద్ద వాకిలిని పోయిన నెలే సిద్ధాంతి మాట విని వాస్తు కోసం మూయించి, తూర్పున ఈ చిన్న తలుపు పెట్టించింది ఆయనగారే.

బయట జెండా ఊపారు. మిగతా కార్లన్నీ దూసుకుపోయాయి.

"పరేషాన్ గాకుండ్రి సారూ," ఓదార్చాడు పోచయ్య. "ఈ తలుపు పెడితె మన బండిని ఏ రేసుల ఎవ్వరు ఓడగొట్టలేరని సిద్ధాంతిగారు అప్పుడే చెప్పిండు గద!"