మూల కొరికిన ముక్క

భార్య సంచిలోకి చొక్కాలు విసిరి కొడుతోంది. మడతలు పెట్టడం లేదు.

"నెమ్మది. భూతద్దం ఉంది లోపల," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"పగలనివ్వండి. కళ్ళజోళ్ళిచ్చి ఊరందరి చూపూ దిద్దుతారు. మీ ఎదురుగా ఉన్నది మీకేనాడైనా కనిపించిందా?"

ఆయన మంచం మీదున్న రేకు పెట్టె మూత తీసి, ముక్కలు మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి.

అది పాతకాలం పిల్లల ఆట, పేకముక్కల్లాంటి అట్టముక్కలతో ఆడేది. పేరు 'పనివాళ్ళ వీధి'. ముక్కకో జంతువు, జంతువుకో పని. మెడలో టేపు వేసుకున్న నక్క దర్జీ. తన ముళ్ళు తనే కత్తిరించుకుంటూ అద్దం చూసుకునే ముళ్ళపంది మంగలి. ఆ రోజుల్లో రంగు తర్వాత రంగు విడివిడిగా అచ్చు వేసేవారు. ఎరుపు కాస్త పక్కకు జరిగి, ప్రతి జంతువూ అప్పుడే నవ్వు ఆపుకున్నట్టు ఉంటుంది. లేనిది ఒక్కటే, కుందేలు పోస్ట్‌మాన్. తనకంటే పెద్ద సంచి మోస్తూ ఉంటుంది.

ఇలాంటి ఆటలు అలమారాలో ఇంకో నలభై ఉన్నాయి. వాటిని ఆయన తెరిచి చాలాకాలమైంది.

"ఆ పెట్టె నేను ముట్టుకోను. మీరే పెట్టుకోండి," అంది.

"పెట్టుకున్నాను."

"పోయినేడు సంతలో ఆ సంచుల బాబాయి శుభ్రమైన కుందేలు ఇస్తానంటే వద్దన్నారట. అదే తెచ్చి పడేసి మూత వేస్తే పీడ విరగడయ్యేది కదా."

"ఏది పడితే అది పెట్టను ఇందులో."

"పెట్టరు. పంతం. ఆ పంతమే కదా ఈ ఇంటిని ఇలా చేసింది." సంచి జిప్పు సర్రున లాగింది. "ఈసారి ఉత్త చేతులతో వస్తే ఆ పెట్టెను పొయ్యిలో పెడతాను. చెప్పలేదనకండి."

ఆయన సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

పాత కాగితం సామాన్ల సంత ఏడాదికోసారి, మూతపడ్డ ఓ గిడ్డంగిలో జరుగుతుంది. బల్లల నిండా అగ్గిపెట్టె బొమ్మలు, పోస్టుకార్డులు, పిల్లల ఆటలు. అక్కడికి వచ్చేవాళ్ళు గీత పడని, మచ్చ లేని ముక్క కోసం కొట్టుకుంటారు. కళ్ళజోళ్ళాయన సంగతి వేరు. మంచి ముక్క చూపిస్తే పక్కకు తోసేస్తాడు.

"పైన ఎడమ మూల కొరికి ఉండాలి. వెనక ఊదా సిరా మరక ఉండాలి." ప్రతి ఏడూ, ప్రతి బల్ల దగ్గరా ఇదే మాట. కుందేలు కనిపిస్తే చాలు, ఎవరిచ్చారు, ఏ ఊరిది, ఎప్పుడొచ్చింది అని పీక్కుతింటాడు.

"కొనడానికొచ్చాడా, కేసు రాసుకోవడానికొచ్చాడా?" అని వెనక నవ్వుకుంటారు.

గోనెసంచుల్లో సరుకు తెచ్చే ముసలి వ్యాపారిని అందరూ సంచుల బాబాయి అంటారు. ఆయన దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"రా నాయనా. నీ కొరుకుడు కుందేలు దొరికింది."

కళ్ళజోళ్ళాయన ముక్క అందుకున్నాడు. పైన ఎడమ మూల అర్ధచంద్రంలా కొరికేసి ఉంది. తిప్పాడు. ఊదా మరక. సరుకు మూట మీద కూర్చుండిపోయాడు.

"ఎక్కడిది?"

"ముందు చూసుకో. పనికొస్తుందా?"

"ఎక్కడిదని అడుగుతున్నాను."

"ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే చెత్తలో వచ్చింది."

"ఏ ఇల్లు? ఏ వీధి? ఆ ఇంట్లో ఎవరున్నారు?"

బాబాయి గోనెసంచి మూతి కట్టడంలో పడ్డాడు. కళ్ళజోళ్ళాయన భూతద్దం తీశాడు. పాత గాటైతే అట్ట లోపలిదాకా మట్టిరంగు ఎక్కుతుంది. ఇది పాలలా తెల్లగా ఉంది. వేలితో రుద్దితే సిరా వేలికి అంటింది.

"ఎవరు కొరికారు దీన్ని?"

బాబాయి ఇకిలించాడు. "కనిపెట్టేశావే. ఏటేటా తిరుగుతున్నావు కదా అని జాలేసింది. నీ కోసం బంగారం లాంటి ముక్కను పాడు చేశాను."

మరుక్షణం బాబాయి చొక్కా కళ్ళజోళ్ళాయన పిడికిట్లో ఉంది. బల్ల తిరగబడింది. ముక్కలన్నీ నేలపాలయ్యాయి.

"నీ పళ్ళు పెడతావా దాని మీద? నీ పళ్ళా?"

ఇద్దరు పట్టి లాగితే గానీ వదల్లేదు. బాబాయి తెగిన గుండీ వెతుక్కుంటూ మండిపడ్డాడు.

"కొరికి ఉండాలన్నావు, కొరికాను. నా తప్పేముంది? పిల్లలాడుకునే అట్టముక్క. దాని కోసం మనిషి మీద చెయ్యి చేసుకుంటారటయ్యా ఎవరైనా?"

కళ్ళజోళ్ళాయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఆ చేతిని జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

గేటు దగ్గర నిలబడి ఇంటికి ఫోను చేశాడు. మొదటి మోతకే ఎత్తింది భార్య.

"దొరికిందా?" పొద్దుటి గొంతు కాదది.

"లేదు."

"మూల సరిగ్గా చూశారా?"

"చూశాను. అది కాదు."



"అక్కడ వాన పడుతుందేమో. పెట్టె తడవనివ్వకండి," అని పెట్టేసింది.

పదకొండేళ్ళ క్రితం జూన్ పద్నాలుగున, సాయంత్రం నాలుగున్నరకు, కుందేలు మూల కొరికినందుకు తండ్రి చేత చెంపదెబ్బ తిని, ఆ ముక్కను గౌను జేబులో పెట్టుకుని గుమ్మం దిగి వెళ్ళిన వాళ్ళ ఆరేళ్ళ కూతురు తిరిగి రాలేదు.