తలుపు అడిగే పేరు

మా పెళ్ళై పదకొండు రోజులు. కాపురానికొచ్చిన రోజు గుమ్మంలో ఆడపడుచు అడ్డంగా నిలబడి, ఒకరి పేరు ఒకరిచేత చెప్పించుకున్నాకే లోపలికి రానిచ్చింది. రోజూ తలుపు మాత్రం తెరుచుకోవడానికి రాజు పేరు అడుగుతుంది.

ఆకాశంలో ఎగిరి మమ్మల్ని కాచిన వీరరాజు మాయమయ్యాక, సింహాసనం కోసం అరడజను వర్గాలు కొట్టుకుంటున్నాయి. పూటకొకరు రాజు.

ఈయన కరివేపాకు తెచ్చేలోపే కోట చేతులు మారింది. రాజుగారి తమ్ముడి పేరు చెప్పారు, తప్పంది తలుపు. సేనాపతి పేరూ తప్పే. మూడోసారి తప్పినా, చెప్పకపోయినా భటులొస్తారు. లోపలి నుంచి నేను తీసినా రాదు.

"ఎవరు గెలిచారోయ్?"

"నాకేం తెలుసండీ!" ఏడుపొచ్చింది.

"సరే, ముందు పోపు చూడు, మాడుతోంది."

అచ్చం ఆ రోజులాగే సిగ్గుపడుతూ, "నిరుపమ," అని నా పేరు చెప్పారు.

"తప్పు," అంది తలుపు.