తిట్టని రోజు

"నిన్న ఎక్సర్‌సైజు చేయించలేదు డాక్టరుగారూ. నా నడుం పట్టేసింది," అంది అక్క, తమ్ముడి కాలు మడిచి పట్టుకుని, తిట్లకు సిద్ధపడుతూ.

రంగులేస్తూ పరంజా మీంచి పడి తమ్ముడి కాళ్ళు చచ్చుబడినప్పటి నుంచీ, ఇంటికొచ్చే ఈ ఫిజియో డాక్టరు నోటికి జడిసి ఆమె జ్వరంలోనూ మానలేదు. ఒక్క పూట తప్పినా, "కాళ్ళకి ఆదివారాలుండవమ్మా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు.

ఇవాళ మాత్రం బ్యాగు జిప్పు లాక్కుంటూ, "పర్లేదమ్మా. రెస్టూ ఉండాలిగా," అన్నాడు.

ఆమె మొహం చాటంతయింది. "అయితే వీడు దారిలో పడ్డట్టే! వారానికో రోజు మానొచ్చా?"

"మానండి."

"రెండ్రోజులు మానితేనో?" నవ్వుతూ అడిగింది, ఇప్పుడైనా కసురుతాడని.

"మీకు ఓపికున్నప్పుడు చేయించండి, చాలు," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

తమ్ముడు గోడవైపు తల తిప్పుకున్నాడు. "సెలవిచ్చేశారుగా అక్కా. ఇంక కాసేపు నడుం వాల్చు."

ఆమె నవ్వు ఆగిపోయింది. మడిచిన కాలిని మెల్లగా పక్కమీద దించి, గుమ్మానికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"నిన్న మానడం నా తప్పే బాబూ. ఎప్పట్లాగే ఒక్కసారి తిట్టి వెళ్ళండి."